పొడుం డబ్బీ నేర్పిన పాఠం

మొన్న మా మనవరాలు పరీక్షకని ఉద్దీపన, ప్రతిస్పందన, నిబంధన అంటూ మనస్తత్వశాస్త్రం మాటలు వల్లె వేస్తుంటే, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న నేను నాకు తెలియకుండానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పిల్ల విస్తుపోయి చూసింది. నాకు నవ్వాగలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్‌లో నేను పంతులమ్మ శిక్షణలో ఉన్నాను. నలుగురిలో నోరు పెగలని పిల్లను. అందరి ముందు చెప్పవలసిన మాదిరి పాఠానికి రెండుసార్లు లేచి, రెండుసార్లూ చెమటలు పట్టి కూర్చున్నాను. మిగిలింది ఒక్క అవకాశమే. బాపు, మా నాన్న, అప్పటికే చెప్పేశాడు: "ఈసారి గూడ నోరు తెరవకపోతే ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టు బిడ్డా, గంతే."

మాది మగ్గం ఇల్లు. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తక్కిన పిల్లలు పుస్తకాలకు కాగితం అట్టలు వేసుకుంటే, మా సాలోళ్ల పిల్లలం నేతలో మిగిలిన గంజిగుడ్డ ముక్కలు వేసేవాళ్లం. నా పుస్తకాలన్నిటికీ ఒకటే ఆకుపచ్చ గళ్ల గుడ్డ. అందుకే మూడోసారి పాఠం చెప్పవలసిన ముందు రోజు సాయంత్రం, పాఠం రాసుకున్న పుస్తకమనుకుని, మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే సారు చేతికి నా డైరీ ఇచ్చి వచ్చాను. హాస్టల్లో పెట్టె తెరిస్తే పాఠం పుస్తకం అందులోనే ఉంది. డైరీలోనేమో ఆ సారు గురించే రాసుకున్నాను.

ఆయన ప్రశ్న అడగబోయే ముందు పొడుం డబ్బీ మూత మీద టక్‌టక్‌మని కొట్టి, చిటికెడు పీల్చేవారు. ఆ ఘాటుకు ముందు వరుసంతా తుమ్మేది. ఒకరోజు డబ్బీ ఖాళీ. అయినా ఆ చప్పుడుకే అందరం తుమ్మాం. మా పుస్తకంలో గంట మోగితే చొంగ కార్చే కుక్కకూ మాకూ తేడా లేదని రాసుకున్నాను.

డైరీ ఇచ్చిన మర్నాడు సారు తరగతిలోకి వస్తూనే డబ్బీ మీద రెండు దెబ్బలు కొట్టారు. కొంగులన్నీ ముక్కుల మీదికి లేచాయి, నలుగురు తుమ్మారు. ఆయన డబ్బీని బోర్లించారు.

"చూసిన్రా? జర్రంత పొడుం లేదు. మరెందుకు తుమ్మిన్రు? నన్ను గిట్ల రాసిన పిల్లనే లేచి చెప్పాలె," అంటూ నా డైరీ పైకెత్తి నా వంక చూశారు.

"గామె ఇంట్ల గూడ మాట్లాడది సారూ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అందరూ నవ్వారు, సారూ నవ్వారు. ఆ నవ్వులో నా భయం ఎటుపోయిందో లేచి నిలబడ్డాను. పొడుంకు తుమ్మడం సహజమని, డబ్బీ చప్పుడు రోజూ దానికి ముందే వినబడి వినబడి ఇప్పుడు చప్పుడే ఉద్దీపన, తుమ్మే ప్రతిస్పందన అయ్యాయని, ఆ రెంటికీ పడిన ముడే నిబంధన అని చెప్పాను. అంతటితో ఆగక, నూలు అయిపోయినప్పుడల్లా మగ్గం ఆగడం అలవాటై, మగ్గం ఆగితే చాలు మా అవ్వ, అంటే అమ్మ, చెయ్యి కొత్త కండె అందిస్తుందని, బాపు మంచినీళ్ల కోసం ఆపినా చేతిలో కండే పెడుతుందని చెప్పేసరికి తరగతి గొల్లుమంది.

"ఇగ కండెలు నువ్వు చుట్టేది లేదు పో," అన్నారు సారు, బాపు మాట కూడా రాసి ఉన్న ఆ డైరీ తిరిగిస్తూ. అదే నా మాదిరి పాఠం అయింది.

చప్పుడు వెంట పొడుం రాకపోతే తుమ్ము మెల్లగా ఆగిపోతుందని, ఆగినది కూడా ఎన్నాళ్లకో దానంతటదే తిరిగి రావచ్చని ఆయనే తర్వాత చెప్పారు. ఇప్పుడు మా వాడలో మగ్గం లేదు, గంజిగుడ్డ అట్టల్లేవు, పొడుం పీల్చే పంతుళ్లూ లేరు. మా మనవరాలికి నలుగురిలో మాట్లాడడం ఒక లెక్కే కాదు. సారు పోయి ఎన్నేళ్లయిందో. ఆయన పాఠంలోని ఒక్క మాట చెవిన పడితే చాలు, నా కొంగు మాత్రం ఇంకా లేస్తూనే ఉంది.