తిరుగుబాటు పాపమా, అత్తమ్మా?

నోరులేని వాళ్లకు నోరిచ్చే దేవునికి స్తోత్రం. రాజులందరికీ పైన ఒక రాజు ఉన్నాడని, ఆయనకు భయపడేవాళ్లు ఇంకెవరికీ వణకనక్కర్లేదని మాకు నేర్పిన ప్రభువుకే మహిమ. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ స్తోత్రం చెప్పకుండా ఉండలేను. అందుకే ముందు ఆయన్ను స్తుతించి మొదలుపెడుతున్నాను.

మాది చంద్రపూర్ లాల్‌పేట్‌లో బొగ్గుగని క్వార్టర్. మా తమ్ముని కూతురు మా దగ్గరే ఉండి కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల చెవిలో ఎప్పుడూ ఏదో ఒక పాడ్‌కాస్ట్ మోగుతూనే ఉంటుంది. అన్నీ ఒకే తీరు కథలు: పన్ను కట్టనన్న రైతులు, అడవి వదలనన్న గోండులు, అధికారి మాట వినని సిపాయిలు. వంట చేస్తుంటే నా చెవిలోనూ ఒకటి పెట్టేది. వింటూ వింటూ పప్పు మాడబెట్టిన రోజులున్నాయి. అవన్నీ మరాఠీలోనో హిందీలోనో ఉండేవి.

"మన రాజురా దిక్కు ముచ్చట్లు మన తెలుగుల ఎవరూ చెప్పరేంది అత్తమ్మా?" అని ఒకరోజు అడిగి, తనే ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది.

కథ మా దగ్గరే ఉండే మా అమ్మ చెప్పింది. అమ్మ పుట్టింది రాజురా అవతల సరిహద్దు పల్లెలో. నిజాం కాలంలో అక్కడి దొర ఇంట్లో పెళ్లి వచ్చిందంటే ఊరి ఆడవాళ్లంతా ఎవరి రోకలి వాళ్లు తీసుకుపోయి వడ్లు దంచాలి. కూలి లేదు, గంజి కూడా పోయరు. అదే వెట్టి. ఒక పెళ్లికి మాత్రం ఒక్కరూ పోలేదు. దొర మనిషి ఇంటింటికీ తిరిగితే ప్రతి గడపలోనూ ఒకటే జవాబు వచ్చింది: "రోకలి ఇరిగింది." మా అమ్మమ్మ కూడా ఆ మాటే అంది.

పిల్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మరాఠీ అక్షరాల్లో తెలుగు రాసుకుని, బయటి చప్పుడు రాకుండా బొంత కప్పుకుని, చదువుతూ ఫోన్లో రికార్డు చేసింది. అమ్మకూ నాకూ వినిపించింది. "ఊరి ఆడోళ్లు బండ్ చేసిన్రు" అని మొదలైంది.

"బండలు మోసిన్రా?" అంది అమ్మ. "మా అమ్మ ఏ బండలూ మొయ్యలే."

నవ్వి నవ్వి నాకు పొలమారింది. మరాఠీలో ఎదురు తిరగడాన్ని బండ్ అంటారు మరి. "తిరుగుబాటు అనాలె బిడ్డా" అన్నాను.

పిల్ల ముఖం మారిపోయింది. "అది పాపం గదా అత్తమ్మా? మా తిరుగుబాటును క్షమించు అని ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తం గదా!"

గరిటె పక్కన పెట్టాను. నిజమే, మా మందిరంలో ఆ మాటకు వేరే అర్థం లేదు. అప్పుడు బైబిల్లో, ఐగుప్తు దేశంలోని హెబ్రీ మంత్రసానులు గుర్తొచ్చారు. మగపిల్లలను పుట్టగానే చంపమన్న రాజు మాట వాళ్లు వినలేదు. ఏళ్ల తరబడి సండే స్కూల్లో ఆ పాఠం చెప్పాను గానీ, వాళ్లు చేసింది తిరుగుబాటు అని ఒక్కసారీ అనలేదు. "దేవుని మీద తిరగబడుడు పాపం. పసిపిల్లల్ని చంపమన్నోని మీద కాదు" అన్నాను.

యువజన ఆదివారం నాడు ఆ కథను మందిరంలో అందరికీ వినిపించాలని పిల్ల ఆశ. "మనోళ్లే వద్దంటే తెలుగుల ఇంక చెయ్య. మరాఠీల చేసుకుంట" అంది. ఆ మాటకు నాకు గుబులు పుట్టింది. మా ఇంట్లో తెలుగు అక్కడితో ఆగిపోయేలా ఉంది.

శనివారం సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, ఆరాధన క్రమం ఆయన చేతిలోనే ఉంటుంది.

"ఏంది బిడ్డా, మందిరంల మైకు పెట్టి తిరుగుబాటు గురించి చెప్తవా?"

పిల్ల తల వంచుకుంది. నేను మంత్రసానుల సంగతి ఎత్తాను. వాక్యం ఆయనకు నాకంటే బాగా తెలుసు. తల ఊపాడు.

"సరే, వెట్టికి పోలేదు, తప్పు లేదు. మరి అబద్ధం సంగతేంది? ఊరందరి రోకళ్లు ఒక్కపారే ఇరిగినయా? దేవుని ఇంట్ల అబద్ధాన్ని మెచ్చుకుంటమా?"

మూలన కుర్చీలో కూర్చున్న అమ్మ అందుకుంది.

"అబద్ధం ఎవరాడిన్రు తమ్మీ?"

"మరేంది అక్కా?"

"మా అమ్మ గొడ్డలి తీస్కోని తన రోకలి తనే నరికింది. అందరూ గట్లనే చేసిన్రు. ఇరిగినంకనే ఇరిగిందని చెప్పిన్రు. మళ్ల రోకలి చేయించుకునే దాక ఇండ్లల్ల జొన్నలు ఉడకబెట్టుకొనే తిన్నరట."

పిల్ల ఎగిరి లేచింది. "నానమ్మా! గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితే గదా! ఇరిగింది అనంగనే నవ్వుకుంట ఫోన్ బంద్ చేస్తివి."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "దొరకు దొరకని జవాబు చెప్పిన్రు అక్కా! బిడ్డా, ఆ గొడ్డలి ముచ్చట కూడ చేర్చు. రేపు ఆశీర్వాదం అయినంక నేనే మైకు పెడుత."

ఆయన మాట పూర్తికాకముందే పిల్ల ఫోన్ తెచ్చి రికార్డు పెట్టింది, అమ్మ మళ్లీ చెప్పసాగింది. సరిగ్గా అప్పుడే గనిలో బ్లాస్టింగ్ మొదలై అలమరలో గిన్నెలు గలగలలాడాయి. "ఆగు నానమ్మా, ఆగు!" అని పిల్ల అరుపు. అమ్మ ఆగితే కదా!

ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి పోదామని ఒక్కరూ చెప్పులు తొడుక్కోలేదు. మైకులో పిల్ల గొంతు రోకళ్లను "రోకలీలు" అన్నప్పుడు వెనక వరుసలో కిసుక్కున నవ్వారు. గొడ్డలి మాట రాగానే నవ్వు ఆగిపోయింది. అయిపోయాక రాజురా దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇంకోపారి పెట్టు బిడ్డా. మా ఊరిది కూడ ఉంది, నేను చెప్త" అంది. తెలుగులోనే చేస్తానని పిల్ల ఆమెకు మాటిచ్చింది. వచ్చే వారం ఆ ఊరికి పోతోంది.

చదువుతున్న మీరు ఇక్కడ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ పిల్ల ఎవరి ముందు కూర్చుంటుందో వాళ్లకు జ్ఞాపకం ఇవ్వు. కథ అయిపోయిందనుకున్న చోట ఇంకొక మాట అడిగే ఓపిక దానికి ఇవ్వు. దాని తెలుగును చూసి నవ్వేవాళ్లుంటారు, తండ్రీ, దాని నాలుకకు సిగ్గు రానియ్యకు. ఆమేన్ అనండి.