పైకి తిప్పిన కళ్ళు

మా బాబాయి షాపులకి బోర్డులు రాసేవాడు. బడి ఎగ్గొట్టి పెయింటర్ల వెంట తిరిగి నేర్చుకున్న విద్య. మంగలి కొట్టు నుంచి మందుల దుకాణం దాకా మా వీధిలో ఏ బోర్డు చూసినా ఆయన చేతిదే. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనా, పిన్నీ. బాబాయి క్యాథలిక్కు, పిన్ని ప్రొటెస్టెంటు. ఆదివారం ఇద్దరూ కలిసే బయల్దేరి, వీధి మలుపులో చెరో దారి పట్టేవాళ్ళు.

బాబాయి వెళ్ళే చర్చి వెనకగోడ మీద ఓ పాత నరకం బొమ్మ ఉంది. ఎప్పుడో పోపుగారిని ఎదిరించి పిన్ని వాళ్ళ సంఘానికి మూలపురుషుడైన సంస్కర్త అందులో నడుములోతు మంటల్లో, తల దించుకుని నిలబడి ఉంటాడు.

"మీ పెద్దాయన ఇవాళ కూడా కాలుతూనే ఉన్నాడే," అనేవాడు బాబాయి ఇంటికొచ్చి.

"పాపం, ఓ చెంబుడు నీళ్ళు పట్టుకెళ్ళకపోయారా?" అనేది పిన్ని.

పిన్ని పోయింది. జబ్బు ముదిరాక కూడా, "ఆఖరి ప్రార్థనలకి మీ ఫాదర్‌ని పిలవకండి, నా దేవుడితో నేను మాట్లాడుకుంటాను," అంది. బాబాయి పిలవలేదు. ఆ తర్వాతి వర్షాలకే గోడకి చెమ్మ పట్టి బొమ్మ పెచ్చులూడింది. దాన్ని బాగుచెయ్యమని ముసలి ఫాదర్‌గారు బాబాయినే అడిగారు. ఇంకో పెయింటరే దొరకనట్టు! నాకు ఒళ్ళు మండింది.

బాబాయి మాత్రం ఒప్పుకున్నాడు. మొదటి రోజు బొమ్మ పైభాగంలో మేఘాలు వేసి వచ్చాడు. మర్నాడు ఎర్రరంగు కలిపి, వెయ్యకుండానే డబ్బాకి మూత పెట్టి వచ్చేశాడు.

"అమ్మాయ్, ఆ పెద్దాయన నరకంలో ఉంటే, ఆయన మాట నమ్మి పోయిన మీ పిన్ని ఎక్కడున్నట్టు?" అన్నాడు.

"గోడ మీద బొమ్మకి భయపడతావేంటి బాబాయ్," అని కసిరాను. కసిరానే గానీ ఆ మాట నన్నూ పట్టుకుంది.

ఇద్దరం ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళాం.

"ఆయన నిజంగా నరకంలోనే ఉన్నాడా ఫాదర్?" అని అడిగాడు బాబాయి.

"ఫలానా మనిషి అక్కడున్నాడని మన క్యాథలిక్ తిరుసభ ఏనాడూ చెప్పలేదు," అన్నారాయన. "మోక్షంలో ఉండొచ్చు. మోక్షానికి వెళ్ళేముందు ఉత్తరించే స్థలంలో పాపాలు పోయి శుద్ధి అవుతూ ఉండొచ్చు."

"నరకంలో?"

ఫాదర్‌గారు అబద్ధమాడే మనిషి కాదు. ఆడి ఉంటే ఎంత బాగుండేది!

"అదీ ఉండొచ్చు," అన్నారు.

ఆ మాటతో బాబాయి సగమైపోయాడు. "ఉన్నాడని తేల్చి చెప్పినా ఏడ్చి ఊరుకునేవాణ్ణి," అన్నాడు. నేను పొయ్యి వెలిగిస్తే చాలు, వంటింట్లోంచి లేచి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. నేను కింద పట్టుకున్నాను. మంటలు ఉన్నవి ఉన్నట్టే వేశాడు. తర్వాత సన్న బ్రష్షు తీసుకుని సంస్కర్త తల ఎత్తాడు, కళ్ళు పైకి తిప్పాడు. నేను చప్పున పక్కగోడకేసి చూశాను. దాని మీదున్న ఉత్తరించే స్థలం బొమ్మలోనూ ఇవే మంటలు. కాకపోతే అక్కడి ఆత్మలు పైకి చూస్తుంటాయి, దేవదూతలు వాటికి చెయ్యందిస్తుంటారు. ఈ నరకంలో మాత్రం ఎవరూ పైకి చూడరు.

ఇంతలో ఫాదర్‌గారు వచ్చారు. బొమ్మకేసి చూశారు.

"ఆయన్ని పైకి చూడమని ఎవరన్నారు?"

"నేనే ఫాదర్. కిందకే చూడమంటే... మా ఆవిణ్ణి నా చేత్తో నేనే అందులోకి తోసినట్టుంటుంది."

తుడిచెయ్యమంటారనే అనుకున్నాను.

"మరి సగంలో ఆపావేం?" అన్నారు ఫాదర్‌గారు మెల్లగా. "పైనుంచి అందుకునే చెయ్యి కూడా వెయ్యి."

బాబాయి బ్రష్షు ముంచి గోడ దాకా తీసుకెళ్ళాడు. రంగు బొట్లుబొట్లుగా నా భుజం మీద పడుతోంది గానీ ఆయన చెయ్యి కదలదు.

"నావల్ల కాదు ఫాదర్," అన్నాడు చివరికి. "ఎవరైనా అందుకున్నారో లేదో నాకు తెలీదు కదా."

కిందకి దిగి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికెళ్ళేదాకా వదల్లేదు.