ముందు పెద్దది, వెనక చిన్నది

ఆదివారం. పాలు కాచి తోడుపెట్టాను. బియ్యం ఏరాను. ఇడ్లీకి పప్పు నానబోశాను. దుప్పట్లు సబ్బునీళ్లలో వేశాను. రోజూ లాగే డైరీలో అంతవరకు రాసుకున్నాక కింద నుంచి పిన్నిగారు పిలిచారు. మెట్ల మీద నుంచి వంగి చూస్తే కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడి ఉన్నారు.

"మీ బాబాయి పోయిండు బిడ్డా," అన్నారు.

తెల్లవారుజామున దవాఖానలో, నిద్రలోనే పోయారట. ఆ రోజు పేజీలో ఇంకేమీ రాయలేదు. దుప్పట్లు మర్నాటిదాకా నీళ్లలోనే ఉన్నాయి.

ఆయన మా ఇంటి ఓనరు. మన్సూరాబాద్‌లో వాళ్ల ఇంటి పై పోర్షన్‌లో మేం కిరాయికి ఉంటున్నాం. మాది గుంటూరు వైపు. బంధుత్వం ఏమీ లేదు. బాబాయిగారూ, పిన్నిగారూ అని నేను మొదలుపెట్టాను, ఆయన బిడ్డా అన్నారు, అదే నిలిచిపోయింది. మా కాలనీ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేను ఉండేది. పొలం ప్లాట్లయి ఎన్నేళ్లయినా, పొద్దున్నే గల్లీ మూలదాకా నడిచి రావడం ఆయన మానలేదు. దారిలో కనబడ్డ రాళ్లను చెప్పుతో పక్కకు నెట్టుకుంటూ వెళ్లేవారు. ఎందుకండీ అంటే, "ఎవలో ఒకలు తట్టుకుంటరు గద," అనేవారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో మా అమ్మాయి మూడో తరగతి. పుట్టినరోజుకు దిల్‌సుఖ్‌నగర్‌లో తన్నుడు స్కూటర్ కొన్నాం, ఒక కాలు దాని మీద పెట్టి రెండో కాలితో నేలను తన్నుతూ పోయేది. మడిచి బీరువా వెనక పెట్టుకోవచ్చని నేనే ఎంచాను. చక్రాలు చిన్నవి, గాజుల్లా మెరిసేవి. మా గల్లీలో సిమెంటు రోడ్డు పలకలు పలకలుగా వేశారు. పలకకూ పలకకూ నడుమ సందు. రెండో రోజే ముందు చక్రం ఆ సందులో దిగబడింది. పిల్ల హ్యాండిల్ మీదుగా వెళ్లి పడింది, పెదవి చిట్లింది. ఆ తర్వాత స్కూటర్ వైపు చూడలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లోనూ ఒక పెద్ద మాట నడుస్తోంది. ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వెళ్లిపోదామని మావారు. ఊళ్లో అందరూ ఫోన్ చేసి అదే మాట. నాకు వెళ్లాలని లేదు. ఆయన ఉద్యోగం, పిల్ల చదువు, నాకు తెలిసిన మనుషులు అంతా ఇక్కడే. కానీ ఓనరుగారే ముందు పొమ్మంటారేమోనని లోపల భయం. ఆయనేమో ప్రతి ధర్నాకూ వెళ్లేవారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు పొగ వాసనతో వచ్చి, గిన్నెడు కిచిడీ పైకి తెచ్చారు. నేను తటపటాయించాను.

"తీస్కో బిడ్డా. ఆకలికి సమైక్యాంధ్ర ఉంటదా, తెలంగాణ ఉంటదా?" అన్నారు. అప్పుడే అమ్మాయి పెదవి చూశారు. "గిదేంది, ఎవల్తోని కొట్లాడినవ్?"

"స్కూటర్‌తో, తాతయ్యా."

"తాత అంటే సాలు, గా అయ్య ఎందుకు. ఏది, పట్టుకరా."

స్కూటర్ తిరగేసి చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నారు. "గివి బంగ్లాల తిరిగే చక్రాలు. గల్లీకి రావు. పెద్దయి వెయ్యాలె," అన్నారు. ఎడ్లబండ్లతో పెరిగిన మనిషి. చక్రం ఎంత పెద్దదైతే అంత మంచిదని ఆయన లెక్క. కానీ మర్నాడు బంద్. పొద్దుటి నుంచి ఆయనే నలుగురితో తిరిగి దుకాణాలు మూయించి వచ్చారు. అమ్మాయి గేటు దగ్గరే కూర్చుని ఉంది.

"చక్రాలేవి తాతా?"

"నేనే షటర్ దింపిచ్చి, నేనే లేపమంటే నవ్వరా? జర ఒక్కరోజు ఆగు."

బంద్ అయ్యాక సామాన్ల బండికి వేసే రబ్బరు చక్రాలు తెచ్చారు. వెల్డింగ్ చేయించి బిగించారు. సందులు, కంకర అన్నీ దాటింది. కానీ పిల్ల మూల తిరక్కముందే కాలు పట్టుకుని కూర్చుంది. ఆయన అరుగు మీద కూర్చుని, మళ్లీ ఒకసారి తొక్కమని చెప్పి, చక్రాన్ని కాదు, పిల్ల మోకాలిని చూశారు. స్కూటర్ మీద నిలబడే పలక ఎత్తయిపోయింది. నేల అందడానికి ప్రతి తన్నుకూ పలక మీదున్న కాలి మోకాలు బాగా వంచాల్సి వస్తోంది.

"నేనే తప్పు చేసిన. చక్రం పెద్దగైంది, బిడ్డ పొట్టిగైంది," అని నవ్వారు.

మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. ఈసారి మమ్మల్నీ తీసుకెళ్లారు. దుకాణంలో ప్రతి చక్రాన్నీ గోటితో నొక్కి చూశారు. గోరు దిగితే రబ్బరు మెత్తన, బండి ఈడుస్తుంది. గోరు జారితే గట్టి, వానలో నిలవదు. చివరికి ముందుకు పెద్దది, వెనక్కి చిన్నది తీసుకున్నారు. ముందుది సందు దాటిస్తుంది, వెనకది పలకను కిందికి ఉంచుతుంది. "మొదలు రోడ్డు సూడాలె, ఎన్క మోకాలు సూడాలె," అన్నారు అమ్మాయితో.

వాటిని మా మెట్ల కింద బిగిస్తుంటే అక్కడ పేర్చిన అట్టపెట్టెలు కనబడ్డాయి.

"ఏంది బిడ్డా గివి?"

చెప్పక తప్పలేదు. "గుంటూరు వెళ్లిపోదామంటున్నారు బాబాయిగారూ. మీరే పొమ్మనేదాకా ఎందుకని..."

ఆయన పానా కింద పెట్టలేదు. "నేను కొట్లాడేది తెలంగాణ కోసం. నీ పోర్షన్ కోసం కాదు గద," అన్నారు. ఒక నట్టు బిగించి, "గీ చక్రాలు మన గల్లీ సూసి తెచ్చిన. గుంటూరు రోడ్లు నాకేం ఎర్క? ఆడ మల్ల ఎవలు సూస్తరు?" అన్నారు.

రాత్రి ఆ మాట మావారికి చెప్పాను.  మర్నాడు ఆయనే అట్టపెట్టెల్లో పాత దుప్పట్లు సర్ది అటకెక్కించారు.

చక్రాలకు ఎంతయిందంటే చెప్పలేదు. "నా కాళ్లు పోయినంక గీ బిడ్డ నన్ను మూలదాంక తిప్పితే సాలు, బాకీ తీరుతది," అన్నారు. ఆ స్కూటర్ మీదే అమ్మాయి ఆటో రాని రోజుల్లో బడికి వెళ్లింది. అది తనకు పొట్టిదయ్యేదాకా తొక్కింది.

పోయిన ఎండాకాలం ఆయనకు నిజంగానే కాళ్లు పట్టు తప్పాయి. చక్రాల కుర్చీ వచ్చింది. గల్లీ మూల చూడాలని అడిగారు. గేటు దాటగానే కుర్చీ ముందు చక్రాలు సందులో ఆగిపోయాయి. నేను వెనక నుంచి బలంగా నెట్టబోయాను.

"ఆగమ్మా," అంది అమ్మాయి. వంగి చూసింది. "తాతా, దీనికి ముందు చిన్నవి, వెనక పెద్దవి. రివర్సు." కుర్చీని వెనక్కి తిప్పింది. పెద్ద చక్రాలు ముందు సందు దాటేలా తనే వెనక్కి నడుస్తూ మెల్లగా లాక్కుంటూ వెళ్లింది.

ఆయన ముఖం ఇంటివైపే ఉంది. దూరమవుతున్నకొద్దీ ఇల్లు, గేటు, అరుగు, నేను, అన్నిటినీ చూస్తూ, నవ్వుతూ మూలదాకా వెనక్కి వెళ్లారు. దారిలో ఒక రాయి కనబడితే చేత్తో చూపించారు. అమ్మాయి దాన్ని చెప్పుతో పక్కకు నెట్టింది.

తిరిగొచ్చాక గేటు దగ్గర అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి, "ముట్టింది బిడ్డా," అన్నారు.

ఆ ఆదివారం పేజీలో మిగతా భాగం చాలా రోజులు ఖాళీగానే ఉంది. నిన్న దాని అడుగున రాశాను: చక్రాల బాకీ, ముట్టింది.