కడుపునొప్పి వేషం

"చార్జరు పెట్టావా?"

"పెట్టాన్లెండి. బ్యాగులో పైనే ఉంది. వెళ్ళి రండి."

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరు మాటలు అవే. ఐర్లండులోని అత్లోన్‌లో మా అమ్మాయి ఇంటి ముందు అంబులెన్సు తలుపు మూసేశారు. కరోనా రోజులు, వెంట ఎవర్నీ రానివ్వలేదు. ఆయన తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆసుపత్రంటే నాకు పోవడమే గానీ రావడం లేని చోటు.

అందుకే కుడికాలి బొటనవేలు పుండు పడితే ఎవరికీ చెప్పలేదు. నాకు షుగరు. తెలిస్తే తీసుకుపోతారు. పసుపు అద్ది, రెండేసి సాక్సులు తొడుక్కుని తిరిగాను. ఈ దేశపు చలికి అదేమని అడిగేవాళ్ళు లేరు.

అమ్మాయి కాలేజీలో నర్సింగు పిల్లలకు పాఠాలు చెబుతుంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ తనే. కాలేజీ మూశాక కంప్యూటర్లో క్లాసు పెడితే, పిల్లలు కెమెరాలు ఆపేసుకుని నోరు విప్పేవాళ్ళు కాదు. అందుకని ఫోన్లో క్లాసుకొక గ్రూపు పెట్టింది. చుట్టాలందరూ పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుకుంటారే, అలాంటిదే. తను వీడియో పెడితే, ఎవరి గదిలో వాళ్ళు చూసి తలా ఒక ప్రశ్న గొంతుతో పంపాలి. దానికొక రోగి కావాలి. ఇంట్లో ఉన్నది నేను.

"అమ్మా, నీకు కడుపునొప్పి అనుకో. వంటింట్లోంచి సోఫా దాకా నడిచొచ్చి, కూర్చుని మూలుగు."

నడిచాను. మూలిగాను. అమ్మాయి ఫోను పట్టుకునే పకపకా నవ్వింది.

"కడుపునొప్పికి కుంటుతావేంటమ్మా? ఓవరాక్షన్!"

"నీకేం తెలుసే? నొప్పంటే ఒళ్ళంతా నొప్పే."

గ్రూపులో నవ్వు బొమ్మలు వచ్చిపడ్డాయి. ఐరిష్ పిల్లలు 'గ్రాండ్, గ్రాండ్' అని మెచ్చుకున్నారు. ఎప్పట్నుంచి నొప్పి, ఏం తిన్నారు అని అడిగారు. అమ్మాయి తెలుగులో చెబితే నేను తోచింది కల్పించి చెప్పాను. చివర్న, తెలంగాణ నుంచి చదువుకి వచ్చిన ఒక పిల్ల గొంతు వినిపించింది.

"ఆంటీ, మస్తు చేసిన్రు. గానీ నేను వీడియో మూడుసార్లు చూసిన. మూలుగుడు ఆపినంక గూడ మీరు కుడికాలు నేలకు ఆనిస్తలేరు. ఏమనుకోకుండ్రి, జర సాక్స్ తీసి మేడంకు చూపెట్టుండ్రి."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"తీయమ్మా."

"చలేస్తుందే."

"అమ్మా!"

తీశాను. వేలు నల్లబడి ఉంది. ఇక్కడ జీపీ అంటారు, మామూలుగా చూపించుకునే డాక్టరుకి ఫోన్ చేస్తే ఈరోజే ఆసుపత్రికి వెళ్ళాలన్నారు. నేను వెళ్ళనంటే వెళ్ళనని సోఫా పట్టుకు కూర్చున్నాను. అమ్మాయి బతిమాలింది, ఏడ్చింది. నేను కదల్లేదు. చివరికి ఆ పిల్లకే చెప్పుకుంది. ఆ పిల్ల మళ్ళీ గొంతు పంపింది.

"ఆంటీ, పోయి రావాలె. మీరు రాకుంటె మాకు పేషెంటు ఎవలున్నరు? వచ్చేవారం తలనొప్పి పాఠముంది. మీరు మంచిగ చేస్తరు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచాను.

ఆ ఒక్క వేలూ తీసేశారు. పాదం దక్కింది. వార్డులోకి ఎవరూ రాకూడదు కదా, ఆ పిల్లలందరి గొంతులూ రోజూ ఫోన్లో వినేదాన్ని. సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా అన్నీ వినేదాన్ని. తొమ్మిదో రోజున నా కాళ్ళ మీద నేను ఇంటికొచ్చాను.

"నాకెందుకు కనపడలేదమ్మా?" అని అమ్మాయి ఇప్పటికీ అంటుంది. నేను దాచింది నీ దగ్గరే కదే, పిచ్చిదానా.

ఆ పిల్ల ఇప్పుడు ఈ దేశంలోనే ట్రాలీ అనే ఊళ్ళో నర్సు. చల్లగా ఉండాలి. నాకు సంతకం తప్ప రాయడం రాదు, అందుకే నీ చేత రాయిస్తున్నాను. ఇది ఆ పిల్లకు పంపాలి. ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదువు. ఆ పిల్ల గురించి తక్కువైతే ఇంకా చెబుతాను.