ఒకటిన్నర వేలు వాటా

చదువులోనూ నాది బేరమే. పుస్తకం అడిగినంతా బుర్రలో పెట్టను, గీసిగీసి తగ్గించుకుంటాను. మండపేటలో పచారీ కొట్టు మీద పెరిగినదాన్ని, ఇంకెలా చదువుతాను? రాజమండ్రిలో ఎంబీబీఎస్‌లో చేరిన ఏడాది, చేతి నరాలు ఎంతకీ తలకెక్కకపోతే వాటికి మా ఇంటి పంపకాలు అంటగట్టాను. అరచేతిలో మీడియన్ నరానికి బొటనవేలి నుంచి మూడున్నర వేళ్ల చర్మం. అది మా నాన్న, రోడ్డు మీది కొట్టు. అల్నార్ నరానికి చిటికెనవేలు, ఉంగరపువేలిలో సగం. అది మా బాబాయి, వెనకవైపు గోడౌను. ఆ పంపకం న్యాయం కాదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నాకు మాత్రం భలే గుర్తుండిపోయింది.

పరీక్షల ముందు ఇంటికొచ్చి, ఫోను స్పీకర్లో పెట్టి స్నేహితురాలికి అప్పజెబుతున్నాను.

"అల్నార్ చెప్పవే."

"మా బాబాయి! ఒకటిన్నర వేలు. అదీ మూలన. ఇచ్చిందే ఎక్కువని నోరుమూసుకుని పడుంటాడు."

అది పకపకా నవ్వింది. నేనూ నవ్వుతూ తల తిప్పితే గుమ్మంలో బాబాయి, చేతిలో పుణుకుల పళ్లెం.

పళ్లెం బల్ల మీద పెట్టాడు. "వేడిగా ఉన్నాయి, తినండి" అన్నాడు.

తినండి! పుట్టినప్పట్నుంచీ "ఏవే పిల్లా" అన్న మనిషి. మా వైపు అండీ, గారూ లేనిదే మాట నడవదు గానీ, సొంతవాళ్ల నోట అవి వచ్చాయంటే తలుపు గడియ పడినట్టే. ఆ రోజు నుంచి నేను డాక్టరు గారిని. "డాక్టరు గారికి కాఫీ ఇచ్చారా వదినా?" అనేవాడు. అమ్మ మురిసిపోయేది. "చూశావా, బాబాయికి నువ్వంటే ఎంత గౌరవమో!" నేను కాఫీ గ్లాసు పట్టుకుని పైకి వెళ్లిపోయేదాన్ని.

ఆ వారంలోనే కండరాల పాఠానికి వచ్చాను. చర్మం చూసి మోసపోయానని అప్పుడు తెలిసింది. అరచేతిలో సన్నపని చేసే చిన్న కండరాలు చాలావరకు అల్నార్ కిందే ఉన్నాయి. పుస్తకం మూసి గోడౌనుకి పరిగెత్తాను. బాబాయి పసుపు పొట్లాలు కడుతున్నాడు.

"బాబాయ్, నీ పేరు పెట్టిన ఆ నరం పోతే చెయ్యి చెయ్యిలా ఉండదు. పొట్లం కట్టలేం. వేళ్ల మధ్య కాగితం కూడా నిలవదు."

"మొన్న ఒకటిన్నర వేలేగా అన్నారు. ఇంతలోనే రేటు పెంచేశారేంటండీ?"

నేను చెప్పింది నిజమే. నా నోట్లో పడేసరికి సరుకు అంటగడుతున్నట్టు పలికింది. "ఒట్టు బాబాయ్, పుస్తకంలో ఉంది."

ఆయన పొట్లం కాగితం ఒకటి రెండు వేళ్ల మధ్య ఇరికించి చెయ్యి చాపాడు. "ఏదీ, లాగండి."

లాగాను. రాలేదు.

"గట్టిగా లాగవే! హాస్టల్లో తిండి పెట్టట్లేదా?"

లాగవే అన్నాడు. గుండె తేలికపడింది. ఇంకాసేపుంటే మాట మారుతుందేమోనన్నట్టు వెంటనే లేచొచ్చేశాను. మెట్ల మీద తట్టింది. నరం గురించి అంతసేపు చెప్పానే గానీ, పడుంటాడన్న మాటకి తప్పయిందని అనలేదు. ఆయనా అడగలేదు. వెనక్కి వెళ్లి అందామనుకున్నాను. కిందనుంచి ఆయన ఈల వినబడుతోంది. కుదిరిన బేరం మళ్లీ ఎందుకు కదపడమని పైకి వెళ్లి పుస్తకం తెరిచాను.