ప్రూఫు ఎవరు చదివారు?

కవరు చింపగానే సిరా వాసన గుప్పుమంది. నిన్న మధ్యాహ్నం కొరియర్ అతను ఇచ్చిపోయిన కవరు, జగ్గయ్యపేట నుంచి వచ్చింది. లోపల ఒక పెళ్లి శుభలేఖ ఉంది, అయితే మెరిసే అట్ట మీద కాదు, మూలలకు పసుపు రాసీ లేదు. అచ్చు వేసేముందు తప్పులు చూసుకోవడానికి పల్చటి చవక కాగితం మీద వేసిన ప్రూఫు అది. దానితో పాటు రబ్బరు బ్యాండు వేసి ఒక ఎర్ర పెన్సిలు. ఉత్తరం గిత్తరం ఏమీ లేదు. ఇప్పుడు ప్రూఫులన్నీ ఫోనులోకే వచ్చేస్తున్నాయి, వేలితో జరిపి చూసి "ఓకే" అని కొట్టేస్తున్నాం. కాగితం మీద, అదీ పెన్సిలుతో సహా ప్రూఫు పంపే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. పద్మావతి గారు. ఊళ్లో అందరికీ ఆమె ప్రెస్సు పిన్నిగారు.

నేను ఇరవై ఏళ్లుగా వెబ్ ప్రోగ్రాములు రాసుకుంటూ బతుకుతున్నాను. ఎవరూ సొంతం చేసుకోకుండా, ఎవరైనా చదివి దిద్దగలిగేలా బాహాటంగా ఉంచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములవి. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగిన వాళ్లకు, కోడు రాయడం కాలేజీలో, నలుగురితో కలిసి రాయడం పెళ్లికార్డుల ప్రెస్సులో అని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ, నాకేం పోయింది.

రెండువేల నాలుగులో నందిగామలో నా డిగ్రీ అయిపోయింది. కంప్యూటర్స్ చదివాను కదా అని హైదరాబాదులో మూడు ఇంటర్వ్యూలకు వెళ్లి, మూడుసార్లూ బస్సు ఛార్జీలు దండగ చేసుకుని వచ్చాను. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని, జగ్గయ్యపేటలో ఒక ప్రెస్సుకు కంపోజింగ్ చేసే మనిషి కావాలంటే చేరాను. రోజూ పొద్దున్నే నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లు దాటి పేటలో దిగేదాన్ని. భర్త పోయాక పిన్నిగారే ఆ ప్రెస్సు నడుపుతున్నారు. పొట్టి మనిషి, కళ్లజోడుకు దారం, కొప్పులో ఎర్ర పెన్సిలు. ఆ పెన్సిలు కొప్పులో ఉందంటే ఆమె శాంతంగా ఉన్నట్టు, చేతిలోకి వచ్చిందంటే మన పని పట్టినట్టు. కటింగ్ మిషను దగ్గర సాంబయ్య బాబాయ్ ఉండేవాడు. ప్రెస్సు పెట్టిన నాటి నుంచీ ఉన్నాడు.

చేరిన మొదటి రోజే ఒక శుభలేఖ కంపోజ్ చేశాను. శ్రద్ధగా ఒకటికి మూడుసార్లు చదువుకుని, తప్పుల్లేవని తీసుకెళ్లి ఇచ్చాను. పిన్నిగారు కాగితం వంక కూడా చూడలేదు.

"ప్రూఫు ఎవరు చదివారు?"

"నేనేనండి. మూడుసార్లు చదివా."

"నువ్వు ముప్పైసార్లు చదివినా చదవనట్టే లెక్క. కాకి పిల్ల కాకికి ముద్దు. మన ప్రెస్సులో కంపోజ్ చేసినోళ్లు ప్రూఫు చదవరు. సాంబయ్యకిచ్చి రా."

నాకు రోషం వచ్చింది. డిగ్రీ చదివిన నేను రాసింది ఐదో తరగతి చదివిన సాంబయ్య దిద్దడమా! ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని, వేలు పెట్టి, పైకి చదివాడు. ఒక్క కార్డుకు పావుగంట. చివరికి తల గోక్కుంటూ, "పెళ్లి నందిగామలో అన్నారు, మరి కింద దారి దగ్గర చిల్లకల్లులో దిగమన్నారేంటమ్మా?" అన్నాడు. పాత కార్డులోని దారి వివరాలు తీసెయ్యడం మరిచిపోయాను. గబగబా చదివేవాళ్ల కళ్లు ఉన్నదాన్ని కాక, ఉండాల్సినదాన్ని చూస్తాయి. సాంబయ్యకు ఆ అదృష్టం లేదు కనుక ఉన్నదే చూసేవాడు. ఆ దారి వివరాల పక్కన నేను కోపంగా "తప్పు" అని రాస్తే పిన్నిగారు దాన్నీ కొట్టేశారు. "తప్పని రాస్తే ఏం చెయ్యాలో ఎట్టా తెలుస్తది? ఏం కావాలో అది రాయి. తిట్లకి మార్జిన్లో చోటు లేదు," అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. చదివినవాళ్లు పెట్టిన గుర్తును వాళ్లు ఒప్పుకుంటే తప్ప తీసెయ్యకూడదు, యజమానైనా సరే.

ఆషాఢం వచ్చేసరికి పెళ్లిళ్లు లేక ప్రెస్సు చల్లబడింది. నేను ఇంటర్నెట్‌లో పడ్డాను. వెబ్‌లో నడిచే ఒక కేలండరు ప్రోగ్రాము దొరికింది. ఎవరి పనులు వాళ్లు తేదీల వారీగా రాసి పెట్టుకోవచ్చు. నాలుగైదు దేశాలవాళ్లు కలిసి ఊరికే రాస్తున్నారు. ఒకరు రాసిన ఉత్తరం అందరికీ చేరే మెయిలింగ్ లిస్టు ఉండేది. ఆ కేలండరును ప్రెస్సు ఆర్డర్ల కోసం పెట్టాను. దాని మాటలు తెలుగులోకి మార్చి పంపాను, చిన్న చిన్న లోపాలు సరిచేసి పంపాను. దాన్ని నడిపించే యానా అనే ఆవిడ, నెల తిరిగేసరికి, ఇక నువ్వు నేరుగా అసలు కోడులోనే మార్పులు పెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చింది. హైదరాబాదులో మూడు ఆఫీసులు కాదన్న మనిషిని, మొహం కూడా చూడనివాళ్లు రమ్మన్నారు. ఆ రోజు బస్సులో నిలబడి నందిగామ దాకా వెళ్లినా కాళ్లు నొప్పెట్టలేదు.

శ్రావణంలో అసలు కథ మొదలైంది. వత్సవాయి వాళ్ల పెళ్లొకటి. శుభలేఖ మీద ముహూర్తం "శుక్రవారం రాత్రి 2.40 ని.లకు, తెల్లవారితే శనివారం" అని ఉంది. మనకు సూర్యుడు వస్తేనే రోజు మారుతుంది, గడియారానికి పన్నెండు కొట్టగానే మారిపోతుంది. కాబట్టి కేలండరు ఆ పెళ్లిని శనివారంలో వేసింది. పెళ్లికొడుకు స్నేహితులు పెళ్లిలో చదివి పంచడానికి పంచరత్నాలు, అంటే ఐదు పద్యాలు, అచ్చు వెయ్యమన్నారు. శనివారం కదా, రేపు వేద్దాంలే అని మేం తీరిగ్గా కూర్చున్నాం. శుక్రవారం మధ్యాహ్నం ఆ కుర్రాళ్లు ఆటో దిగి, "అయినయ్యా అండీ?" అని నవ్వుతూ లోపలికి వచ్చారు. ఇంకేముంది, ఒకరు మిషను దగ్గర, ఒకరు కత్తి దగ్గర, ఆ స్నేహితులే కాగితాలు మోస్తూ, తడి ఆరని పద్యాలను ఆటోలో పరిచి తీసుకెళ్లారు. ఆ పద్యాల్లో ఎవరి తెల్ల చొక్కాల మీద ఎన్ని పాదాలు అచ్చయ్యాయో ఆ దేవుడికే తెలియాలి.

నాకు కేలండరు మీద కోపం వచ్చింది. మర్నాడే కోడు తెరిచి, రోజు పన్నెండింటికి మారేచోట పొద్దున్న ఆరింటికి మారేలా చేశాను. మన పెళ్లి ఠంచనుగా శుక్రవారంలోకి వచ్చి కూర్చుంది. నేరుగా పెట్టుకునే అనుమతి ఉంది కదా, ఆ మార్పును అసలు కోడులో పెట్టేసి, గొప్పగా నిద్రపోయాను. జగ్గయ్యపేట ముహూర్తాల కోసం ప్రపంచం మొత్తానికీ సూర్యోదయం దాకా రోజు మారకుండా ఆపేశానన్న సంగతి నాకు తట్టనే లేదు.

వారం తిరగ్గానే ఒక మెయిలు. ఎక్కడో చలిదేశంలో ఒక చిన్న ఊరి బేకరీ ఈ కేలండరులోనే డ్యూటీలు రాసుకుంటుంది. శనివారం తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించాల్సినవాళ్ల పేర్లు శుక్రవారం పేజీలోకి జరిగిపోయాయి. శనివారం పేజీ ఖాళీగా కనిపించి ఎవరూ పనికి వెళ్లలేదు. ఆ పొద్దున ఆ ఊరికి రొట్టెల్లేవు. యానా నా మార్పు తీసేసింది, నా అనుమతిని నిలిపివేసింది. కింద ఒకే ఒక వాక్యం రాసింది. "దీన్ని పెట్టేముందు ఎవరు చదివారు?"

తల కొట్టేసినట్టయింది. ఇక ఆ లిస్టు మొహం చూడకూడదనుకున్నాను. నా పేరుకు విలువ ఉన్న చోటు ప్రపంచంలో అదొక్కటే, దాన్నీ చేజేతులా పోగొట్టుకున్నాను. కంప్యూటరు ముందు కూర్చుని ముక్కు తుడుచుకుంటుంటే పిన్నిగారు వచ్చి నిలబడ్డారు. జరిగిందంతా చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను.

"నీ మార్పు ప్రూఫు ఎవరు చదివారు?" అన్నారు.

భూమికి ఆ చివర ఒకావిడ, ఈ చివర ఒకావిడ, ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. ఏడుపులోనే నవ్వొచ్చింది.

"రాత్రి పెళ్లి కోసం ఒక ఊరు ఊరినే పస్తు పెట్టావంటే సామాన్యురాలివి కాదే!" అని ఆమె పకపకా నవ్వారు.

"పాపం, టిఫిను ఏం తిన్నారో," అన్నాడు సాంబయ్య బాబాయ్, నిజంగానే దిగులుగా.

"మానేస్తానండి. ఏ మొహంతో రాయను?"

"కార్డు తప్పు పడితే ప్రెస్సు మూసుకుంటామా? తప్పు మాదేనని చెప్పి మళ్లీ వేసిస్తాం. కారణాలు చెప్పకు, కారణాలతో ఎవరికీ కడుపు నిండదు. రాయి." ఆమె తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. తప్పు నాది. ఎవరికీ చూపించకుండా పెట్టాను. సరిచేసి, ముందు మీకు చూపించి ఇస్తాను. అంతే, మూడు ముక్కలు. పంపబోతుంటే పిన్నిగారు ఆపారు. "ఉండు. మనకి రోజు తెల్లారితే మొదలవుద్ది. మరి వాళ్లకి ఎప్పుడు మొదలవుద్దో ఎవరినన్నా అడిగావా?"

అడగలేదు. ఆ ప్రశ్న కూడా చేర్చి పంపాను. మర్నాటికి జవాబులు వరదలా వచ్చాయి. ఒకరికి సూర్యుడు అస్తమించగానే కొత్త రోజు. ఒక రేడియో స్టేషనుకు తెల్లవారి నాలుగింటికి. బేకరీ ఆయన కూడా రాశాడు, కోపంగానే, అయినా రాశాడు. వాళ్లు రాత్రి పదింటికి పిండి కలపడం మొదలుపెడతారు, వాళ్లకు రోజు అప్పుడే మొదలట. గడియారం చెప్పే రోజుతో పేచీ నాకొక్కదానికే అనుకున్నాను, ఇంతమంది ఉన్నారు. అప్పుడు తెలిసింది చెయ్యాల్సిన పని. రోజు ఎప్పుడు మారాలో నేను నిర్ణయించకూడదు, ఎవరికి కావలసిన వేళ వాళ్లు రాసుకోవడానికి ఒక గడి పెట్టాలి.

భాద్రపదంలో ముహూర్తాలుండవు. ఆ నెలంతా పనిచేశాం. లెక్కకట్టే భాగం నేను రాశాను, గడి కనిపించే పేజీ ఒకతను రాశాడు, బేకరీ ఆయన వాడి చూసి తిడుతూ దారిలో పెట్టాడు. అంతా అయ్యాక, యానాకు పంపేముందు, నా భాగాన్ని అచ్చు తీసి సాంబయ్య బాబాయ్ ముందు కూర్చున్నాను. ప్రతి వరుసా ఏం చేస్తుందో తెలుగులో చెబుతుంటే ఆయన పైకి తిరిగి చెప్పేవాడు. పిన్నిగారు పెన్సిలు పట్టుకుని వింటున్నారు. సగంలో బాబాయ్ ఆపాడు.

"ఆగమ్మా. ఆ గడిలో ఎవురూ ఏమీ రాయలేదనుకో. అప్పుడేమవుద్ది?"

చూసుకున్నాను. ఖాళీగా వదిలేస్తే నా పాత ఆరు గంటలే పడుతుంది. ఏమీ రాయనివాళ్లకు పన్నెండు పడాలి. అలాగే పంపి ఉంటే ఇంకో ఊరికి రొట్టెలుండేవి కావు. పిన్నిగారు ఆ వరుస పక్కన "12" అని ఎర్రగా రాశారు. అడుగున ఇద్దరూ సంతకాలు చేశారు.

ఆ ప్రాజెక్టులో మార్పుతో పాటు దాన్ని చదివినవాళ్ల పేర్లు రాయాలి. నేను రాశాను: పద్మావతి, సాంబయ్య, జగ్గయ్యపేట. ఖాళీ గడి దగ్గర తప్పు పట్టింది వాళ్లేనని కూడా చేర్చాను. యానా మార్పు తీసుకుంది. అనుమతి తిరిగి ఇచ్చింది. రెండు రోజులకు విడిగా ఒక మెయిలు పెట్టింది. ఆ ఖాళీ గడి సంగతి మా అందరి కళ్లూ తప్పించుకునేది, ఈ ఇద్దరు డెవలపర్లు ఎవరు, వాళ్ల మిగతా పనులు ఎక్కడ చూడొచ్చు అని. పెళ్లిళ్లలో అని జవాబు రాశాను. బేకరీ ఆయన తన గడిలో రాత్రి పది అని వేసుకున్నాడు. ఆ వేళ మళ్లీ మార్చలేదని విన్నాను.

ఆ తర్వాత నాకు చాలా ప్రాజెక్టుల్లో అనుమతులు వచ్చాయి. ఒక్క వరుస కూడా ఎవరూ చదవకుండా పెట్టలేదు. కొత్తవాళ్లు పంపినదాన్ని చదివేటప్పుడు "తప్పు" అని రాయబోయిన వేళ్లు ఆగుతాయి, ఏం కావాలో అది రాస్తాయి. వాళ్లెవరికీ ఆ మాట ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియదు.

నిన్న వచ్చిన ప్రూఫు పిన్నిగారి మనవరాలి పెళ్లిది. ప్రెస్సు ఇప్పుడు అల్లుడు చూస్తున్నా, ఈ కార్డు మాత్రం డెబ్బై దాటిన పిన్నిగారే కంపోజ్ చేశారని అక్షరాల మధ్య ఎడం చూస్తేనే తెలుస్తుంది. ఆమె కంపోజ్ చేశారు కనుక ఆమె చదవకూడదు. సాంబయ్య బాబాయ్‌కు చూపు మందగించింది. అందుకే నాకొచ్చింది. మా ఆయన చేత నెమ్మదిగా పైకి చదివిస్తూ వేలు పెట్టి చూశాను. ముహూర్తం సరిగ్గా ఉంది. దారి సరిగ్గా ఉంది. ఆహ్వానించేవాళ్లలో కీర్తిశేషులైన తాతగారి పేరుంది, కూతురు, అల్లుడు, వియ్యాలవారు, దూరపు చుట్టాలు కూడా ఉన్నారు. ఒక్క పేరు లేదు. మార్జిన్లో తప్పని రాయలేదు. తాతగారి పేరు కింద గుర్తు పెట్టి, ఏం కావాలో అది రాశాను: అమ్మమ్మ పద్మావతి. మూలన సంతకం చేసి, ఫోటో తీసి పంపాను.

అయిదు నిమిషాల్లో ఫోను.

"ఏంటే, అక్కడ నా పేరెందుకు? మా ఆయన పేరుందిగా. నాలాంటోళ్ల పేర్లు శుభలేఖల్లో వెయ్యరు. ఇన్ని కార్డులు చేసావు, తెలీదా?"

"తెలుసండి. కానీ ప్రూఫు చదివింది నేను. ఆ గుర్తు నేనొప్పుకుంటేనే తియ్యాలి. ఒప్పుకోనండి, పిన్నిగారూ."

ఆమె ఫోను పక్కకు పెట్టి, మిషను చప్పుడు మీదుగా గొంతెత్తడం విన్నాను.

"అల్లుడుగారూ, ఆ కార్డు మిషనెక్కించమాకండి. కరెక్షనొకటుంది."