పెదనాన్న అయిదు చేపలు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర, కొత్తగా చేరిన అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టి, "మేడమ్, ఇది తప్పా, ఒప్పా?" అని అడిగింది. చూస్తే ఒక ఇంగ్లీషు వాక్యం. మొదటి నుంచి చివరిదాకా 'బఫెలో' తప్ప అందులో ఇంకో మాట లేదు. "ఒప్పే," అన్నాను పెరుగన్నం కలుపుకుంటూ. వ్యాకరణం ప్రకారం ఎవరూ వంక పెట్టలేరనీ, చదివినవాళ్ళకి మాత్రం బుర్ర తిరుగుతుందనీ, ఇలాంటి వాక్యాల మధ్యే నేను పెరిగాననీ చెప్పాను. గేదెల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, మా ఇంట్లో చేపలుండేవి. అవి మా పెదనాన్నవి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. కింద వాటా పెదనాన్నది, మేడ మీద వాటా మాది. పెదనాన్న హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాఠాలు పోయాయి గానీ సరదా పోలేదు. గుమ్మంలో ఎవరు అడుగు పెట్టినా సరే, పోస్ట్‌మ్యాన్ అయినా, ఇన్సూరెన్స్ ఏజెంటయినా, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించి, తర్వాత తీరిగ్గా "ఫిష్ ఫిష్ ఫిష్ ఫిష్ ఫిష్. ఏంటో చెప్పుకోండి చూద్దాం," అనేవారు. ఇంగ్లీషులో ఫిష్ అంటే చేపే కాదు, చేపని పట్టడం కూడా. కాబట్టి ఏ చేపల్ని వేరే చేపలు పడతాయో, ఆ చేపలు కూడా మళ్ళీ ఇంకొన్ని చేపల్ని పడతాయని దానర్థం. ఆ సంగతి చెప్పడానికి కుడిచెయ్యి చాపి, ఒక్కో వేలూ ఒక్కో చేపగా ముడుస్తూ వచ్చేవారు. చిటికెనవేలు దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయేది.

మా వైపు మర్యాద ఎలాంటిదంటే, అర్థం కాలేదని ఎదుటి మనిషి మొహం మీద చెప్పడం తప్పు. అందుకని వచ్చినవాళ్ళంతా "చాలా బాగుందండి మాస్టారూ" అనేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. అందరికీ అర్థమైపోయిందని ఆయన తృప్తి. ఆయన భార్య, మా దొడ్డమ్మ ఒక్కతే, "మీరు తెలుగులో చెప్పేదే నాకు సగం అర్థమవదు, ఇంక చేపల భాష కూడానా?" అని విసుక్కునేది.

ఈ చేపలే ఒకసారి కొంప ముంచాయి. పెదనాన్న కూతురు, అంటే మా అక్కకి, భీమవరం దగ్గర్నుంచి ఒక సంబంధం వచ్చింది. వరిచేలు తవ్వి చేపల చెరువులు చేసిన కుటుంబం. బంగారంలాంటి చేలని పాడు చేస్తున్నారని ఆ రోజుల్లో చెరువులవాళ్ళని చాటుగా ఆడిపోసుకునేవారు, ఆ మాట వాళ్ళ చెవినా పడుతూనే ఉండేది. అలాంటివాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదనాన్న ఫిష్ ఫిష్ అని మొదలుపెడితే ఏమవుతుంది? పెళ్ళికొడుకు మేనమామ మొహం ముడుచుకుని, "మేం చెరువులు తవ్వుకున్నామని ఎత్తిపొడుస్తున్నారా మాస్టారూ?" అన్నాడు. ఎంత సర్దిచెప్పినా లాభం లేకపోయింది. మర్యాదగా పూతరేకులు తిన్నారు, మర్యాదగా కాఫీ తాగారు, మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. జాతకాలు కుదరలేదని మధ్యవర్తితో కబురు పంపించారు. జాతకాలు మేం అసలు ఇవ్వనేలేదు.

ఆ పెళ్ళికొడుకు తప్పిపోయినందుకు అక్కకి పెద్ద బాధేం లేదు. కానీ మరుసటేడు వచ్చిన సంబంధం సంగతి వేరు. కడియంలో స్నేహితురాలి పెళ్ళిలో అక్క ఆ అబ్బాయిని చూసింది, కాసేపు మాట్లాడింది కూడా. ఇంటికొచ్చాక, "చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానే," అని నాతో చెప్పింది. తీరా ఆరా తీస్తే వాళ్ళదీ భీమవరం వైపే, వాళ్ళవీ చేపల చెరువులే. దొడ్డమ్మ గుండెల్లో రాయి పడింది. పెళ్ళిచూపులకి ముందు పెదనాన్నని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, వాళ్ళు వెళ్ళేదాకా ఇంగ్లీషు ఊసెత్తనని ఒట్టు వేయించుకుంది.

ఆయన ఒట్టు నిలబెట్టుకున్నారు. నిలబెట్టుకోవడమంటే అలా ఇలా కాదు, తెలుగు కూడా మానేశారు. పెళ్ళికొడుకు తండ్రి ఎండల గురించి, చెరువుల దగ్గర కరెంటు కోతల గురించి కలుపుగోలుగా ఏదో చెబుతుంటే, "అవునండి", "అలాగేనండి" తప్ప ఇంకో మాట లేదు. పెళ్ళికొడుకు తల్లి గొంతు తగ్గించి, "అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదాండీ?" అని అడిగింది. "రాత్రినుంచి కాస్త గొంతునొప్పండి," అంది దొడ్డమ్మ. పెదనాన్న కుడిచెయ్యి దానంతటదే ఒకసారి పైకి లేచింది. వేళ్ళు విచ్చుకోబోయాయి. అంతలో తేరుకుని, ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు. పక్కన అక్కని చూస్తే, తనూ ఆ చెయ్యినే చూస్తోంది.

ఇంతలో పెళ్ళికొడుకు తండ్రి, "అమ్మాయిని ఏవైనా అడుగుతావేంట్రా?" అన్నాడు కొడుకుతో. అతను సిగ్గుపడి తల అడ్డంగా ఊపాడు. అక్క తలెత్తి, "నేనొకటి అడగొచ్చాండీ?" అంది. మా ఇంట్లో పెళ్ళికూతురు నోరు విప్పి ప్రశ్న అడగడం అదే మొదలు. దొడ్డమ్మ వద్దని సైగ చేసేలోపే, "ఫిష్ ఫిష్ ఫిష్ ఫిష్ ఫిష్. దీనర్థం చెప్పగలరా?" అని అడిగేసింది.

పెళ్ళికొడుకు తండ్రి కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అక్క మాత్రం ఆగలేదు. "ఇది ఎగతాళి కాదండి. ఇంటికొచ్చిన అందర్నీ మా నాన్నగారు ఇష్టంగా అడిగేదే. ఇవాళ నా కోసం నోరు కట్టుకుని కూర్చున్నారు. ఆయన మాట్లాడకుండా ఉంటేనే కుదిరే సంబంధమైతే నాకొద్దండి."

కావాలనుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! నేనైతే అనలేకపోయేదాన్ని.

ఆ అబ్బాయి కుర్చీ పెదనాన్న వైపు జరుపుకుని, "నాకర్థం కాలేదండి మాస్టారూ. మీరే చెప్పాలి," అన్నాడు. మా గుమ్మం తొక్కినవాళ్ళలో ఆ మాట అన్నది అతనొక్కడే. పెదనాన్న అనుమతి కోసం దొడ్డమ్మ వైపు చూశారు. "చెప్పండి, ఇంకేం చేస్తాం," అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తొడ కిందనుంచి చెయ్యి బయటికొచ్చింది. చిటికెనవేలు ముడిచేసరికి పెళ్ళికొడుకు తండ్రి పకపకా నవ్వి, "ఇందులో మా రొయ్యలకి చోటు లేదాండీ మాస్టారూ?" అన్నాడు. పెదనాన్న నిజంగానే ఆలోచనలో పడ్డారు.

ఆ వేసవిలోనే పెళ్ళయింది. బావ ఇప్పటికీ ఏదైనా అర్థం కాకపోతే కాలేదనే అంటాడు, అక్క దగ్గర అతనికి మార్కులు తెచ్చిపెట్టింది అదేనని నా నమ్మకం. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గొంతు వినపడని ఏళ్ళకి ఎలాగోలా అలవాటుపడ్డాను. కానీ కూతురి కోసం నోరు కట్టుకుని మా ఎదురుగా కూర్చున్న ఆ అరగంట మాత్రం నాకు ఇంకా గడవలేదు.